యుద్ధం ముగిసింది, భూమి తిరిగి రాలేదు

(జమ్మలమడుగులో జరిగిన భూమి హక్కుల అవగాహన సభలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం. ప్రొద్దుటూరు, పులివెందుల సభ్యులు కోరినందున పూర్తిగా ప్రచురిస్తున్నాం.)



శనగ విత్తనం పనులు పెట్టుకుని కూడా ఇంతమంది వచ్చినారు. మీ టైము వృథా చేయం. ఈ రోజు మనం మాట్లాడుకునేది రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన మైదానాల గురించి. "ఎనభై ఏళ్ల కిందటి యుద్ధంతో మనకేం పని? చీనీ ధర గురించి, శనగ కొనుగోలు గురించి చెప్పండి" అని కొందరు అనుకోవచ్చు. ఆ సమస్యల మీద మన పోరాటం నడుస్తూనే ఉంది. కానీ పంటకు ధర రాకపోతే ఒక ఏడాది పోతుంది. భూమి పోతే తరతరాల బతుకు పోతుంది.

మన ప్రాంతంలో భూమి పోగొట్టుకోని ఊరు తక్కువ. గండికోట ముంపు, థర్మల్ కేంద్రం, యురేనియం, సిమెంటు, మైలవరం సోలారు, జాతీయ రహదారులు, ఉక్కు ఫ్యాక్టరీ. సర్వేయరు గొలుసు పట్టుకుని చేలోకి దిగినప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న "ఎకరాకు ఎంత ఇస్తారు?" అని. ఆ ప్రశ్న అవసరమే. దానితో పాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. "దేనికోసం తీసుకుంటున్నారు? ఆ పని జరగకపోతే భూమి ఎవరిది?" ఈ రెండూ అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి యుద్ధకాలపు విమాన మైదానాల కంటే మంచి ఉదాహరణ లేదు.

గాలిమోటార్లు ఎందుకొచ్చాయి

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను చేతికి పోయింది. మార్చి 8న రంగూను పడిపోయింది. మార్చి 23న అండమాన్ దీవులు పోయాయి. ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మద్రాసు పట్నం నుంచి జనం సామాను నెత్తిన పెట్టుకుని లోపలి జిల్లాలకు వలస పోయారు. అప్పటికి మన కడప జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది.

జపానును ఎదుర్కోవాలంటే విమానాలు కావాలి. విమానాలు దిగడానికి, పెట్రోలు పోసుకోవడానికి మైదానాలు కావాలి. దేశం మొత్తం మీద రెండు వందలకు పైగా విమాన మైదానాలు కట్టాలని బ్రిటిషు ప్రభుత్వం ఆ ఏడాదే పని మొదలుపెట్టింది. తెలుగు నేల మీద గన్నవరం, రాజమండ్రి దగ్గర మధురపూడి, తాడేపల్లిగూడెం, దొనకొండ, బొబ్బిలి, విశాఖపట్నం, ఇలా చాలాచోట్ల సైన్యం విమానాల కోసం నేల చదును చేసింది. ఇప్పుడున్న పెద్ద యంత్రాలు అప్పుడు లేవు. రాళ్లు కొట్టింది, మట్టి మోసింది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల కూలీలే.

విమాన మైదానానికి ఎలాంటి భూమి కావాలో ఆలోచించండి. చదునుగా ఉండాలి, రాతి గుట్టలు ఉండకూడదు, రోడ్డో రైలో దగ్గరుండాలి. సేద్యానికి మనం కోరుకునే భూమి కూడా అదే. అందుకే విమానానికీ నాగలికీ మొదటి నుంచీ పోటీ ఉంది.

యుద్ధ చట్టం రైతుకు ఇచ్చింది ఏమిటి

మామూలు రోజుల్లో భూమి తీసుకోవడానికి 1894 నాటి భూసేకరణ చట్టం ఉండేది. అది దొరల చట్టమే అయినా అందులో నోటీసు ఉంది, విచారణ ఉంది, కోర్టుకు పోయే దారి ఉంది. భూమి విలువ మీద నూటికి 15 అదనంగా ఇచ్చేవారు. ఇష్టం లేకుండా భూమి వదులుకుంటున్నందుకు ఇచ్చే సొమ్ము అది. దాన్నే సొలేషియం అంటాం.

యుద్ధం రాగానే 1939లో భారత రక్షణ చట్టం వచ్చింది. దాని కింద చేసిన నిబంధనల్లో 75-ఎ అనే నిబంధన ఉంది. దాని ప్రకారం ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ఏ ఆస్తినైనా స్వాధీనం చేసుకోవచ్చు. ముందు "వాడుకోవడానికి" అని తీసుకుంటారు, కావాలనుకుంటే ఆ తర్వాత ఇంకో నోటీసుతో పూర్తిగా సొంతం చేసుకుంటారు. పరిహారం మీద రాజీ కుదరకపోతే మధ్యవర్తి తేలుస్తాడు. ఆ మధ్యవర్తి భూమి విలువ చూడాలి కానీ, 1894 చట్టంలోని ఆ నూటికి 15 అదనం మాత్రం లెక్కలోకి రాదు.

లెక్క తేలికగా చెప్పుకుందాం. నూరు రూపాయల విలువైన భూమికి మామూలు చట్టం కింద 115 రూపాయలు. యుద్ధ చట్టం కింద 100 రూపాయలు. దేశం కోసం ఎక్కువ త్యాగం చేయమన్నప్పుడు రైతుకు తక్కువ ఇచ్చినారన్న మాట.

ఆ రోజుల్లో ఊళ్లో అధికారమంతా కరణం, మునసబుల చేతిలో ఉండేది. చదువు రాని రైతుకు మధ్యవర్తి దగ్గరికి పోవడం ఎంత కష్టమో, వకీలును పెట్టుకోవడం ఎంత ఖర్చో మనం ఊహించుకోవచ్చు. కౌలుకు చేసుకునేవాడి పేరు, కూలి చేసుకునేవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండేది కాదు. వాళ్లకు పరిహారమన్న మాటే లేదు.

యుద్ధం ముగిసినాక

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. భారత రక్షణ చట్టం 1946 సెప్టెంబరు 30తో ముగిసింది. చట్టం పోయింది కదా, భూమి వెనక్కి రావాలి కదా? రాలేదు. స్వాధీనంలో ఉన్న భూములను అలాగే ఉంచుకోవడానికి 1946లోనే ఆర్డినెన్సు తెచ్చినారు, 1947లో దాన్ని చట్టం చేసినారు. స్వాతంత్ర్యం వచ్చినాక 1952లో మన సొంత పార్లమెంటు స్థిరాస్తుల స్వాధీన, సేకరణ చట్టం చేసింది.

ఆ 1952 చట్టంలో ఒక మెలిక ఉంది. స్వాధీనంలో ఉన్న కాలంలో ప్రభుత్వం సొంత ఖర్చుతో ఆ భూమిలో ఏదైనా కట్టడం కట్టి ఉంటే, దాన్ని కాపాడుకోవడం కోసం భూమిని శాశ్వతంగా తీసుకోవచ్చు. విమాన మైదానం అంటేనే రన్‌వే. రైతు భూమి మీద రన్‌వే వేసింది ప్రభుత్వమే, ఆ రన్‌వే ఉంది కాబట్టి భూమి మాదే అనేదీ ప్రభుత్వమే. పరిహారం విషయంలో ఇంకో మెలిక. సేకరించే నాటి ధర, లేదా మొదట స్వాధీనం చేసుకున్న నాటి ధరకు రెట్టింపు, ఈ రెండిటిలో ఏది తక్కువైతే అది ఇస్తామన్నారు. ఈ రెట్టింపు మెలికను తర్వాత సుప్రీం కోర్టు కొట్టేసింది. కానీ సొలేషియం లేకపోవడాన్ని మాత్రం కోర్టు కూడా తప్పు పట్టలేదు.

ఆ భూములు సైన్యం నుంచి పౌర విమాన శాఖకు, అక్కడి నుంచి 1995లో ఏర్పడిన భారత విమానాశ్రయాల సంస్థకు చేతులు మారుతూ వచ్చాయి. కొన్ని రక్షణ శాఖ దగ్గరే ఉండిపోయాయి. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోయినాయే కానీ, రైతు గడప తొక్కలేదు.

రెండు దారులు: దొనకొండ, గన్నవరం

ఆ మైదానాలు ఇప్పుడు ఎట్లున్నాయి? ప్రకాశం జిల్లా దొనకొండ చూడండి. గుంటూరు – గుంతకల్లు రైలు మార్గం మీద ఉన్న ఊరు. యుద్ధకాలంలో అక్కడ వేసిన విమాన మైదానం విస్తీర్ణం 136 ఎకరాల దాకా ఉంటుంది. యుద్ధం అయిపోయి ఎనభై ఏళ్లు. ఈ రోజుకూ అక్కడి నుంచి ప్రయాణికుల విమానం ఎగరడం లేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దొనకొండ పేరు పత్రికల్లో కనిపిస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని అక్కడే అన్న ప్రచారం లేచి చుట్టుపక్కల భూముల ధరలు ఆకాశానికి పోయినాయి. రాజధాని రాలేదు. తాడేపల్లిగూడెం సంగతీ ఇంచుమించు ఇంతే. యుద్ధంలో వేసిన పెద్ద రన్‌వే ఉంది, విమానాలు లేవు. చుట్టూ పట్టణం పెరిగింది.

ఇది ఒక దారి. పని అయిపోయినా భూమి తిరిగి ఇవ్వరు, వాడరు. అట్లే పెట్టుకుంటారు.

రెండో దారి గన్నవరం. అదీ యుద్ధంలో సైన్యం వాడుకున్న మైదానమే. తర్వాత విజయవాడ విమానాశ్రయం అయింది. రాష్ట్ర విభజన తర్వాత రన్‌వేను 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పెంచాలన్నారు. దానికోసం సుమారు 700 ఎకరాలు కావాల్సి వచ్చింది. ఏలూరు కాలువనే పక్కకు మళ్లించాల్సి వచ్చింది. అది కృష్ణా డెల్టా నేల. చాలామంది రైతులకు డబ్బుకు బదులు రాజధాని అమరావతిలో స్థలాలు ఇస్తామన్నారు. 2019 తర్వాత రాజధాని పనులు ఆగిపోయినప్పుడు ఆ రైతుల పరిస్థితి ఏమిటి? చేతిలో పొలం లేదు, కాగితం మీద ఉన్న స్థలం ఎక్కడుందో చూపించేవాడు లేడు. విమానాలు మాత్రం ఆగలేదు.

మధురపూడిలో కూడా అంతే. 1,750 మీటర్ల రన్‌వేను 3,165 మీటర్లకు పెంచడానికి ఎనిమిది వందల ఎకరాలకు పైగా తీసుకున్నారు. తెలంగాణలో వరంగల్ దగ్గర మామునూరు నిజాం కాలం నాటి విమానాశ్రయం. 1981 తర్వాత అక్కడ ప్రయాణికుల విమానాలు ఆగిపోయినాయి. నలభై ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, మళ్లీ తెరవడానికి ఇంకో 253 ఎకరాలు కావాలని అక్కడి ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

ఈ రెండు దారుల్లోనూ రైతుకు ఒకటే నీతి ఉంది. మొదటిసారి తీసుకున్న భూమి చివరిది కాదు. ఎక్కడ ఒకసారి విమాన మైదానం పడిందో అక్కడ పక్క పొలం రైతు తన మనవడి కాలం దాకా భయపడుతూ బతకాలి.

విమానాశ్రయమే వద్దని మేము అనడం లేదు. మన కడప విమానాశ్రయం 2015 జూన్ 7న ప్రయాణికులకు తెరుచుకుంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద దేశంలో మొదటి రోజు మొదలైన సర్వీసుల్లో కడప – హైదరాబాదు ఒకటి. గల్ఫుకు పోయే మన పిల్లలకు, ఆసుపత్రికి పోయే రోగికి అది పనికొస్తే సంతోషమే. మన మాట ఒక్కటే. అవసరమైనంతే తీసుకోవాలి, చెప్పిన పనికే వాడాలి, వాడకపోతే తిరిగి ఇవ్వాలి.

పోరాడితే ఎకరాలు తగ్గుతాయనడానికి భోగాపురమే సాక్ష్యం. విజయనగరం జిల్లా భోగాపురంలో విమానాశ్రయానికి మొదట 15,000 ఎకరాలన్నారు. రైతులు అడ్డం తిరిగితే 5,000 ఎకరాలకు వచ్చినారు. ఆ తర్వాత ఇంకా తగ్గి 3,000 ఎకరాల లోపుకు వచ్చినారు. అదే విమానాశ్రయం, అవే విమానాలు. మరి మొదట అడిగిన మిగతా పన్నెండు వేల ఎకరాలు దేనికి? ఆ ప్రశ్న అడిగినందుకే అవి రైతుల దగ్గర మిగిలినాయి.

ఇంగ్లండులో ఏం జరిగింది

మనల్ని పాలించిన ఇంగ్లండు తన రైతులతో ఎట్లా నడుచుకుందో చూద్దాం. లండను హీత్రో విమానాశ్రయం ఉన్నచోట ఒకప్పుడు నగరానికి కూరగాయలు పండించే మంచి సాగు భూములు ఉండేవి. 1944లో యుద్ధ విమానాల కోసమని చెప్పి అత్యవసర అధికారాల కింద ఆ భూములు తీసుకున్నారు. అప్పుడు విమాన శాఖలో మంత్రిగా ఉన్న హెరాల్డ్ బాల్ఫోర్ తర్వాత తన జ్ఞాపకాల పుస్తకంలో అసలు సంగతి ఒప్పుకున్నాడు. మొదటి నుంచీ ఉద్దేశం యుద్ధం కాదు, యుద్ధం తర్వాత లండనుకు పెద్ద పౌర విమానాశ్రయం కట్టడం. బహిరంగ విచారణ తప్పించుకోవడానికే యుద్ధం పేరు వాడుకున్నారు.

అదే దేశంలో ఇంకో కథ ఉంది. డోర్సెట్ ప్రాంతంలో క్రిచెల్ డౌన్ అనే చోట 1938లో విమాన శాఖ బాంబులు వేసే సాధన కోసం 725 ఎకరాలు కొన్నది. పని తీరినాక భూములు పాత యజమానులకు తిరిగి ఇస్తామని 1941లో ప్రధాని చర్చిల్ పార్లమెంటులో చెప్పినాడు. యుద్ధం అయిపోయినాక ఆ భూమిని వ్యవసాయ శాఖకు ఇచ్చేసినారు. ఆ శాఖ దాన్ని ఒకే పెద్ద కమతంగా చేసి తనకు నచ్చినవాళ్లకు కౌలుకివ్వాలని చూసింది. పాత యజమాని వారసులు ఊరుకోలేదు. ఏళ్ల తరబడి వెంటపడి బహిరంగ విచారణ జరిపించినారు. అధికారుల తప్పులు బయటపడినాయి. 1954 జూలైలో వ్యవసాయ మంత్రి థామస్ డగ్‌డేల్ రాజీనామా చేసినాడు. ఆ తర్వాత ప్రభుత్వానికి అక్కర్లేని సేకరణ భూమిని ముందుగా పాత యజమానికే ఆ రోజు మార్కెట్ ధరకు ఇవ్వజూపాలని నియమం వచ్చింది. దాన్ని ఇప్పటికీ క్రిచెల్ డౌన్ నియమాలనే పిలుస్తారు.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. అక్కడ అడిగినవాళ్లు పలుకుబడి ఉన్న పెద్ద భూస్వామి కుటుంబం. అందుకే పార్లమెంటు కదిలింది. మన దగ్గర భూమి పోయింది చిన్న రైతుది. మన దొనకొండ కోసం ఏ మంత్రీ రాజీనామా చేయలేదు. ఒంటరి చిన్న రైతుకు ఆ పలుకుబడి సంఘం ద్వారానే రావాలి.

ఇప్పటి చట్టం ఏం చెబుతోంది

2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమలులో ఉంది. రైతు పోరాటాల వల్ల వచ్చిన చట్టం అది. అందులో మనకు ముఖ్యమైనవి చెబుతాం, గుర్తుపెట్టుకోండి.

ఒకటి, 99వ సెక్షన్. ఏ పనికోసం భూమి తీసుకున్నారో ఆ పనికే వాడాలి. అనుకోని కారణాల వల్ల ఆ పనికి పనికిరాకుండా పోతే తప్ప ఉద్దేశం మార్చకూడదు.

రెండు, 101వ సెక్షన్. స్వాధీనం చేసుకున్న నాటి నుంచి అయిదేళ్లు వాడకుండా ఉంచితే భూమిని అసలు యజమానికి లేదా వారసులకు తిరిగి ఇవ్వాలి. లేదా ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకులో కలపాలి.

మూడు, 102వ సెక్షన్. అభివృద్ధి ఏమీ చేయకుండా ఎక్కువ ధరకు ఇంకొకరికి భూమి బదలాయిస్తే, పెరిగిన విలువలో నూటికి 40 అసలు రైతులకు పంచాలి.

నాలుగు, 40వ సెక్షన్. అత్యవసరం పేరుతో భూమి తీసుకోవడం దేశ రక్షణ, జాతీయ భద్రత, ప్రకృతి విపత్తులు, లేదా పార్లమెంటు ఆమోదించిన ఇతర అత్యవసరాలకే పరిమితం. అట్లా తీసుకుంటే నూటికి 75 అదనంగా ఇవ్వాలి. యుద్ధకాలంలో అత్యవసరమని తక్కువ ఇచ్చినారు, ఇప్పుడు అత్యవసరమైతే ఎక్కువ ఇవ్వాలి. ఎనభై ఏళ్లలో రైతు సాధించుకున్న తేడా ఇది.

అయిదు, పరిహారం లెక్క. మార్కెట్ విలువను పల్లెల్లో ఒకటి నుంచి రెండు దాకా గుణకంతో హెచ్చిస్తారు. ఎంతతో హెచ్చించాలో రాష్ట్రం నిర్ణయిస్తుంది. చెట్లు, బోర్లు, పైపులైన్ల విలువ కలుపుతారు. మొత్తం మీద నూటికి నూరు సొలేషియం. లెక్క కోసం మాత్రం ఒక ఉదాహరణ చూద్దాం. ఎకరా విలువ 4 లక్షలు, గుణకం 1.25 అయితే 5 లక్షలు. బోరు, చెట్లు 1 లక్ష అయితే 6 లక్షలు. సొలేషియంతో 12 లక్షలు. దీనికి తోడు మార్కెట్ విలువ మీద ఏడాదికి నూటికి 12 చొప్పున అవార్డు దాకా అదనం.

ఆరు, కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు. మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతుకుతుంటే వాళ్లదీ బాధిత కుటుంబమే, పునరావాసానికి హక్కుంది.

డీకేటీ పట్టాల రైతులకు ప్రత్యేకంగా చెబుతున్నాం. "అది సర్కారు భూమి, నీకు పరిహారం రాదు" అని బెదిరిస్తే నమ్మవద్దు. అసైన్డు భూమి సాగు చేసుకునే పేదలకు కూడా పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మన ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పిచ్చింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. యుద్ధకాలపు స్వాధీనం నుంచి పుట్టిన ఆ 1952 చట్టం పోలేదు. 2013 చట్టం నాలుగో షెడ్యూలులో ఉన్న పదమూడు చట్టాల్లో అదొకటి. జాతీయ రహదారుల చట్టం, పులివెందుల రైతులకు సంబంధించిన అణుశక్తి చట్టం కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. వీటి కింద సేకరణ పద్ధతి వేరు. కానీ పరిహారం, పునరావాసం మాత్రం 2013 చట్టం స్థాయిలోనే ఇవ్వాలని కేంద్రం 2015లో ఉత్తర్వు ఇచ్చింది. "ఇది హైవే భూమి, ఆ చట్టం వర్తించదు" అని ఎవరన్నా అంటే ఈ ఉత్తర్వు అడగండి.

చట్టంలో బొక్కలు కూడా ఉన్నాయి. 2018లో మన రాష్ట్రం సవరణ చేసి, కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 101వ సెక్షన్‌లో ఉన్న "లేదా" అనే మాట ఇంకా పెద్ద బొక్క. రైతుకు తిరిగి ఇవ్వాలి, లేదా ల్యాండ్ బ్యాంకులో వేయాలి అన్నారు. ఏది చేయాలో ప్రభుత్వం ఇష్టం. ఈ ఒక్క మాటతో దొనకొండ మళ్లీ మళ్లీ పుడుతుంది.

మన జమ్మలమడుగు సంగతి

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. 2007లో జమ్మలమడుగు ప్రాంతంలో ఒక ప్రైవేటు ఉక్కు ఫ్యాక్టరీకి 10,760 ఎకరాలు కేటాయించినారు. దానితో పాటు విమానాశ్రయం, విమానం నడిపే శిక్షణ సంస్థ పేరుతో ఇంకో 3,115 ఎకరాలు. దొనకొండ యుద్ధ మైదానం 136 ఎకరాలని ఇందాక చెప్పుకున్నాం. యుద్ధంలో దొరలు తీసుకున్నదానికి ఇరవై రెట్ల పైన, శాంతి కాలంలో, ఒక ప్రైవేటు విమానాశ్రయం పేరుతో. ఆ ఫ్యాక్టరీ రాలేదు, ఆ విమానాశ్రయం రాలేదు. కేటాయింపు రద్దయింది. ఆ తర్వాత 2018లో కంబాలదిన్నెలో, 2019లో, 2023లో సున్నపురాళ్లపల్లెలో ఉక్కు ఫ్యాక్టరీకి మళ్లీ శంకుస్థాపనలు జరిగినాయి. పార్టీలు మారినాయి, రాళ్లు మారినాయి. మన పిల్లలు ఇంకా బెంగళూరు బస్సు ఎక్కుతూనే ఉన్నారు.

ఉక్కు ఫ్యాక్టరీ రావాలన్నది సీమ ప్రజల న్యాయమైన కోరిక, మన సంఘం దానికి కట్టుబడి ఉంది. కానీ ఫ్యాక్టరీ కోసం పోరాడటం ఒకటి, ఫ్యాక్టరీ పేరు చెప్పి వేల ఎకరాలు ఖాళీగా పెట్టుకోవడాన్ని చూస్తూ ఊరుకోవడం ఇంకొకటి.

తిరిగి ఇవ్వడం కుదరదని అధికారులు అంటారు. కుదురుతుంది. ఛత్తీస్‌గఢ్ బస్తరు జిల్లా లోహండిగూడలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం 2008లో పది గ్రామాల 1,707 మంది రైతుల భూమి సేకరించినారు. ఫ్యాక్టరీ రాలేదు. 2019 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం ఆ భూమిని రైతులకు తిరిగి ఇచ్చింది. బెంగాల్లో సింగూరు భూములను 2016లో సుప్రీం కోర్టు తిరిగి ఇప్పించింది. ఆ రెండు చోట్లా భూమి తీసుకున్నది పాత 1894 చట్టం కిందే. కాబట్టి "పాత చట్టం కింద తీసుకున్నాం, మా చేతుల్లో లేదు" అనే మాట సాకు మాత్రమే.

ఇప్పుడు చేయాల్సింది

ప్రతి ఊరి కమిటీ ఈ నెల్లోనే మొదలుపెట్టాల్సిన పనులు చెప్పి ముగిస్తాం.

మీ ఊళ్లో ఏ సర్వే నంబరు, ఏ తేదీన, ఏ పనికోసం తీసుకున్నారో పుస్తకం రాయండి. స్వాధీనం తేదీ ముఖ్యం, అయిదేళ్ల లెక్క అక్కడి నుంచే. తెలియకపోతే ఆర్డీఓ కార్యాలయంలో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆ భూమి ఈ రోజు ఎట్లుందో ఫొటో తీసి పెట్టుకోండి.

అడంగల్, 1బీ, పాసు పుస్తకం, ఎఫ్‌ఎంబీ నకళ్లు తీసుకుని భద్రపరచండి. మీ భూమి 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. పొలం అమ్మకాలు వాస్తవ ధరకే రిజిస్టరు చేయించుకోండి. రేపు మార్కెట్ విలువ లెక్కకట్టేది ఆ పత్రాల నుంచే. గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర ఉన్న సగం పత్రాల సగటు చూస్తారు.

ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన నాటి నుంచి 60 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అవార్డు నచ్చకపోతే ఆరు వారాల్లో కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. పరిహారం తీసుకునేటప్పుడు "నిరసనతో తీసుకుంటున్నాం" అని రాయండి. పూర్తి పరిహారం చేతికి రాకముందు స్వాధీనం ఇవ్వవద్దు. కౌలు రైతులు సాగు పత్రం తప్పకుండా తీసుకోండి. యజమానులు దానికి అడ్డం పడవద్దు. రేపు భూసేకరణ వస్తే యజమానీ కౌలుదారూ ఒకే పక్కన నిలబడాలి.

సంఘంగా మన డిమాండ్లు మూడు. 101వ సెక్షన్‌లో "లేదా ల్యాండ్ బ్యాంకు" తీసేసి, వాడని భూమి తప్పనిసరిగా రైతుకే అని రాయాలి. మూడు నియోజకవర్గాల్లో సేకరించిన భూములు, వాడినవి, వాడనివి ఎన్నో శ్వేతపత్రం ప్రకటించాలి. ఖాళీగా ఉన్నవి తిరిగి ఇచ్చేదాకా కొత్తగా ఒక్క సెంటు అడగకూడదు.

సోదరులారా, యుద్ధంలో భూమి పోగొట్టుకున్న రైతుల దగ్గర కాగితం లేదు, చట్టం లేదు, సంఘం లేదు. మన దగ్గర ఈ మూడూ ఉన్నాయి. వాటిని వాడుకోవడం మన చేతుల్లో ఉంది. వచ్చే నెల ప్రొద్దుటూరులో జరిగే సమావేశానికి ప్రతి ఊరి కమిటీ తమ భూముల పుస్తకంతో రావాలని కోరుతున్నాం.

రైతు ఐక్యత వర్ధిల్లాలి. సెలవు.